పుట్టుమచ్చ ఏదండీ?

మొన్న జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ చూడాలని అమ్మని తీసుకుని హైదరాబాదు వెళ్లాను. చలికి అమ్మ శాలువా వదల్లేదు. తిరిగి తిరిగి కాళ్లు పీకుతుంటే, "ఎలాగూ పట్నం వచ్చాం గదా, మంచి ఫోటో ఒకటి తీయించవే. రేపు నేను పోయాక దండ వెయ్యడానికి పనికొస్తుంది" అంది. నవ్వుతూనే అన్నా, నా గుండె కలుక్కుమంది.

మర్నాడు ఒక పాత స్టూడియోకి వెళ్లాం. తెరమీద మేడమెట్లు, పూలకుండీలు. గోడకి అద్దం, కింద దువ్వెన, పౌడరు డబ్బా! "శాలువా తియ్యండి మామ్మగారూ. గడ్డం పైకి. నవ్వకండి" అన్నాడు ఫోటోగ్రాఫరు. సాయంత్రానికి ఫోటో చేతికిచ్చాడు. మొహంమీద ఒక్క ముడత లేదు. రంగు తేలింది. ఎడమ చెంపమీద పుట్టుమచ్చా మాయం!

"పుట్టుమచ్చ ఏదండీ?" అన్నాను.

"ఏదో మరక అనుకుని కంప్యూటర్లో తీసేశానమ్మా."

అమ్మ కళ్లజోడు సవరించుకుని చూసి, "ఎవరే ఈవిడ?" అంది.

దిద్దడం కొత్తేమీ కాదు. కంప్యూటర్లు రాకముందు నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముడతలు పూడ్చేవారు. అందంగా రావాలని కోరుకున్నది మనమే గనక తప్పంతా ఆయనమీదకి తొయ్యను.

కాని ఇదే ఊళ్లో 1892లో, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్ ఆడవాళ్లకోసం జనానా స్టూడియో పెట్టారు. పరదా స్త్రీలు పరాయి మగవాడి ఎదుట కూర్చోరు గనక, దాని బాధ్యత ఒక ఇంగ్లీషు దొరసానికి అప్పగించారు. పరదా మంచిదని కాదు సుమా! కూర్చునే మనిషి ఇబ్బంది ఏమిటో ముందే ఆలోచించారే, అది నాకు నచ్చింది. ఆనాటి తెర ఆడదాని మొహాన్ని పరాయివాళ్లకి కనపడకుండా దాచింది. ఈనాటి దిద్దుబాటు కన్నపిల్లలకే కనపడకుండా చేస్తోంది.

ఫోటో బాగోగులకి నాదొకటే కొలత. చూసినవాళ్లు "ఎంత బావుందో!" అంటే చాలదు. ఇంట్లో చంటిది చూసి "అమ్మమ్మ" అనాలి.

"ఇంకోటి తియ్యండి. శాలువాతోనే. ఏమీ దిద్దొద్దు" అన్నాను. అమ్మ మళ్లీ స్టూలుమీద కూర్చుని, "ఈసారి నవ్వొచ్చా నాయనా?" అని అడిగింది. అలా అడుగుతున్న మొహమే ఫోటోలో పడింది, పుట్టుమచ్చతో సహా.

దండకి తొందరేమీ లేదు. ప్రస్తుతం అది టీవీ పక్కన ఉంది. వచ్చినవాళ్లందరికీ అమ్మే స్వయంగా చూపిస్తోంది.