రఘుబీర్ సింగ్: రంగు గురించి ఒక వాదం

వీధి ఛాయాచిత్రమంటే నలుపు తెలుపుల్లోనే ఉండాలని కళాలోకం నమ్ముతున్న రోజుల్లో రఘుబీర్ సింగ్ (1942–1999) రంగు ఫిల్ముతో వీధిలోకి దిగాడు. పాశ్చాత్యుల నలుపు తెలుపు చిత్రాల వెనక ఏకాకితనం, మృత్యుచింత ఉన్నాయనీ, భారతీయ దృష్టికి రంగే సహజమనీ 'రివర్ ఆఫ్ కలర్' (1998) పీఠికలో ఆయన వాదించాడు. ఈ మాటను మేము సగమే ఒప్పుకోగలం. 1943 నాటి బెంగాల్ కరువును సునీల్ జానా నలుపు తెలుపుల్లోనే తీశాడు. ఆ చూపు భారతీయం కాదని ఎవరనగలరు?

అయితే ఈ వాదం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. సింగ్ పుట్టింది జైపూరులో. చిన్ననాడు ఇంట్లో ఆయన కంటబడిన పుస్తకం కార్తియే బ్రెసా 'బ్యూటిఫుల్ జైపూర్'. 1966లో ఆ ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు అదే ఊళ్లో పనిచేస్తుంటే దగ్గరుండి గమనించాడు. అంతకుముందు కలకత్తా వెళ్లి తేయాకు కంపెనీల్లో ఉద్యోగానికి ప్రయత్నించాడు, దొరకలేదు. (మనకదే మేలయింది.) చట్రం బిగించడం గురువు దగ్గర పట్టుబడింది కాని, గురువుగారి నలుపు తెలుపులు శిష్యుడికి రుచించలేదు. ఆయన మొగలు, రాజపుత్ర లఘుచిత్రాలవైపు తిరిగాడు. ఒకే తలంమీద పది సంగతులు ఒక్కసారిగా జరగడం వాటి పద్ధతి. 1991లో హౌరాలో పేవ్‌మెంటుమీది అద్దాల దుకాణాన్ని తీసిన చిత్రం చూడండి. ఒక్కొక్క అద్దంలో వీధి ఒక్కొక్క ముక్కగా కనిపిస్తుంది. ఏ ముక్కా తక్కినదానికి లోబడదు.

రంగు పేదరికానికి సింగారం చేస్తుందని ఒక ఆక్షేపణ ఉంది. కొన్ని రాజస్థాన్ చిత్రాల విషయంలో అది నిజమే అనిపిస్తుంది. కాని 1967లో బీహారులోని మోంఘీరులో తీసిన వర్షపు చిత్రం దానికి జవాబు. నలుగురు స్త్రీలు వానకు తడిసి ఒకరినొకరు ఒదిగి నిలబడ్డారు. అక్కడ రంగు అలంకారం కాదు. బట్ట తడి, ఒంటి చలి మనకు తెలిసేది దానివల్లే. సింగ్ వాదంలో మేము ఒప్పుకొనే సగం ఇదే.

ఇంకొక సంగతి. ఆయన కాపురం హాంకాంగ్, పారిస్, లండన్, న్యూయార్కుల్లో. బొమ్మలు మాత్రం చాలావరకు ఈ దేశానివే. చివరి పుస్తకాల్లో ఒకటైన 'ఎ వే ఇంటు ఇండియా'లో అంబాసిడర్ కారు తలుపూ కిటికీ అద్దమూ అడ్డొస్తూనే ఉంటాయి. తాను బయటినుంచి చూస్తున్నానన్న సంగతిని ఆయన దాచలేదు. తమిళనాడుమీద కూడా ఆయన పుస్తకం ఒకటుంది. అక్కడ తరతరాలుగా ఉంటున్న మన విద్యార్థులు దాన్ని ముందేసుకొని, అందులోని వీధి తమ వీధిలా ఉందో లేదో చెప్పాలి.