తాటి టెంకకు గట్టు కావాలి, సంచి కాదు

జనగామ నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి దాకా పొలాల మధ్య నిలబడ్డ తాళ్లను చూసి, అవి వాటంతట అవే మొలిచాయనుకుంటారు చాలామంది. కొన్ని అలా మొలిచినవే. కానీ గట్టు పొడవునా ఒకే ఎడంతో, ఒకే వరసలో తాళ్లు కనబడితే అక్కడ ఆగి చూడండి. అది మనిషి చేతిపని. ఎవరో ఒక పెద్దమనిషి గడ్డపారతో గుంత తీసి, టెంక వేసి, మన్ను కప్పాడు. ఆ చెట్టు కల్లు తన నోటికి అందుతుందన్న ఆశతో కాదు, మనవడు గీసుకుంటాడని. ఇంత దూరం చూసే సేద్యం మన పల్లెల్లో మరొకటి లేదు.

ఈ పనిలో మొదటి మెట్టు తల్లిచెట్టును ఎంచుకోవడం. తెలిసిన గౌడన్న దొరికిన పండునల్లా నాటడు. ఏ తాడు ఏటా నిండు గెలలు వేస్తుందో, ఏది ఎండలు ముదిరినా కల్లు తగ్గించదో ఏళ్ల తరబడి ఎక్కి దిగినవాడికే తెలుసు. శ్రావణ భాద్రపదాల్లో దాని పండ్లు మాగి రాలగానే ఏరుకొస్తారు. పండుకు సాధారణంగా మూడు టెంకలు ఉంటాయి. గుజ్జు తీసేసి, టెంకలను నీడన ఉంచి, నేల తడిగా ఉండగానే నాటేస్తారు. తాడుకూ తాడుకూ నడుమ సుమారు 3 మీటర్లు వదులుతారు. గుంత అడుగున మన్ను గుల్లగా ఉండాలన్నది ఇందులో అసలు మెలకువ.

ఎందుకంటే తాటి మొలక పైకి రాదు, ముందు కిందికి పోతుంది. టెంకలోంచి గొట్టంలాంటి కాడ ఒకటి బయల్దేరి, పిండాన్ని తనతో మోసుకుంటూ మూరెడు లోతుకు దిగుతుంది. మొక్క తయారయ్యేది ఆ కొసన. సంక్రాంతి ముందు మనం తవ్వి కాల్చుకు తినే గేగు ఇదే. టెంకను పగలగొడితే దొరికే బుర్రగుంజు ఆ మొలకకు తల్లిపాలు. తవ్వకుండా వదిలేస్తే, నాటి దాదాపు ఏడాదయ్యాక మొదటి ఆకు నేలమీదికి వస్తుంది. అప్పటికే వేరు లోతున పాతుకుని ఉంటుంది. అమెరికా పల్లెల్లో నల్ల వాల్‌నట్ పెంచేవాళ్లు కూడా ఇదే మాట చెబుతారు. తల్లివేరు లోతుకు పోయే చెట్టు కాబట్టి కాయను ఉండాల్సిన చోటే నాటడం మేలని వాళ్ల అనుభవం.

మరి మనం ఏం చేస్తున్నాం? నర్సరీల్లో టెంకను జానెడు ప్లాస్టిక్ సంచిలో పెడుతున్నాం. కిందికి దిగాల్సిన కాడ సంచి అడుగున మెలికలు తిరుగుతుంది, లేదా సంచిని చీల్చుకుని నేలలోకి పోతుంది. ఎత్తి వేరేచోట పెట్టేటప్పుడు అది కాస్తా తెగుతుంది. ఆ మొక్క ఎండిపోతే తప్పు తాటిది కాదు, సంచిది.

మొలిచాక నాలుగైదేళ్లు మట్టలే కనిపిస్తాయి, మాను కనిపించదు. పశువులు తొక్కకుండా, ట్రాక్టరు ఎక్కకుండా కాపాడవలసింది ఈ కాలంలోనే. గీతకు రావడానికి 12 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అది పోతుతాడో పండుతాడో పూత వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు. అందుకే పెద్దలు ఒకటి రెండు నాటి ఊరుకోలేదు, వరసలు వరసలుగా నాటారు. ఒకసారి నిలదొక్కుకుంటే ఆ తాడు బోరు అడగదు, ఎరువు అడగదు, నూరేళ్లు నిలుస్తుంది.

ఇక గీత పని గురించి ఎంత చెప్పినా తక్కువే. మోకు, ముస్తాదు కట్టుకుని నిలువు మాను మీదికి రోజూ పొద్దున, మాపు ఎక్కడం ఒక ఎత్తు. పైన ఒంటి పట్టు మీద నిలబడి గెల కొసను కత్తితో పొరలా చెక్కడం మరో ఎత్తు. చెక్కు మందమైతే గెల త్వరగా అయిపోతుంది, పల్చనైతే ధార కట్టుకుపోతుంది. ఆ నడిమి కొలత చేతికే తెలుసు, ఏ పుస్తకంలోనూ లేదు. ఈ వృత్తిలోంచే సర్దార్ సర్వాయి పాపన్న పుట్టాడు. జనగామ జిల్లా ఖిలాషాపూర్ ఆయన కోట. 1708లో ఓరుగల్లు మీద పడి మొగలు అధికారాన్ని వణికించాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆయనను దోపిడీగాడని రాసుకున్నాడు. మా పల్లెలకు మాత్రం ఆయన సర్దారే. ఇక గింజనే నమ్ముకున్న మనిషి కావాలంటే పక్కనే ఖమ్మంలో వనజీవి రామయ్య ఉండేవారు. జేబు నిండా విత్తనాలతో సైకిల్ మీద తిరిగి కోటికి పైగా మొక్కలు నాటారని చెబుతారు. 2017లో పద్మశ్రీ అందుకుని, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ఇక తాడు ఇచ్చేవి చూడండి: ముంజ, పండు, గేగు, కల్లు, నీరా, బెల్లం, విసనకర్ర, చాప, ఇంటి కప్పుకు కమ్మ, దూలానికి మాను. తాతల నాటి తాళపత్రాలూ దీని చలవే. పిడుగును ఎత్తయిన తాడు తన మీదికి తీసుకుంటుందని 2017లో బంగ్లాదేశ్ ప్రభుత్వం పది లక్షల తాళ్లు నాటాలని పూనుకుంది. తమిళనాడు దీన్ని తన రాష్ట్ర వృక్షం చేసుకుంది. మనమేమో ఇటుక బట్టీలో పెడుతున్నాం! అనుమతి లేకుండా నరకకూడదన్న నిబంధన కాగితం మీదే ఉంది. ప్లాట్ల కోసం గట్లు చదును చేసిన చోటల్లా ముందు నేలకూలేది తాడే. దాని బదులు వచ్చిందేమిటి? రోడ్ల పక్కన కోనోకార్పస్. దాన్ని నాటొద్దని 2022లో ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. చేలల్లో ఆయిల్ పామ్. దానికి సబ్సిడీ ఉంది, డ్రిప్ ఉంది, పథకం ఉంది. చుక్క నీరు అడగని మన పామ్‌కు ఏమీ లేదు.

అన్నిటికన్నా కడుపు మండేది కల్తీ కల్లు చూస్తే. తాళ్లు తగ్గి, అడిగేవాళ్లు తగ్గకపోయేసరికి నీళ్లలో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి కల్లు అని పోస్తున్నారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో అది తాగి పలువురు చనిపోయారు. దాన్ని కల్లు అనకండి, అది విషం. ప్రాణాలకు తెగించి చెట్టెక్కే మనిషి పేరును ఆ విషం చెడగొడుతోంది. గీత కార్మికులు జారిపడకుండా ప్రభుత్వం 2024లో ఇచ్చిన కాటమయ్య రక్ష కిట్లు మంచి పనే. కానీ ఎక్కడానికి తాడే లేకపోతే కిట్టు ఎవరి నడుముకు?

అందుకే గౌడ సంఘాలకు, సర్పంచులకు, గట్టున్న ప్రతి రైతుకూ ఒక విన్నపం. ఈ భాద్రపదంలో మీ ఊరి మేలైన తాళ్ల కింద రాలిన పండ్లు పశువులకు వదలకండి. చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద, శ్మశానం దారిలో టెంకలు నేరుగా నేలలో పెట్టండి. మొక్కల లెక్క రాసుకునే అధికారులు సంచులను కాదు, ఐదేళ్ల తర్వాత బతికి ఉన్న తాళ్లను లెక్కపెట్టాలి. ఈ ఏడు నాటని తాడును ఇరవై ఏళ్ల తర్వాత ఎంత డబ్బు పోసినా కొనలేం.