ఈతలుడిగిన మాట

తంజావూరు ఆస్థానాల ఆఖరి రోజుల కవిత్వం 'నిర్వీర్యమైనది' అని విమర్శకులు తేల్చారంటూ నా సిద్ధాంత గ్రంథంలో ఒక వాక్యం రాశాను. ఇంగ్లీషు సారాంశంలో దానికి 'ఎఫీట్' అని పెట్టాను. మాట దర్జాగా ఉంది. ఎవరూ తప్పు పట్టలేదు. ఈ మధ్య ఆ అధ్యాయాన్ని వ్యాసంగా తిరగరాస్తూ దాని పుట్టుక వెతికితే సిగ్గేసింది.

లాటిన్‌లో 'ఎఫీటస్' అంటే ఈని ఈని అలసిపోయినది. గర్భంలోని శిశువుకి డాక్టర్లు వాడే 'ఫీటస్' ఇందులో ఉంది. ఈతలుడిగిన పశువునీ, పండి పండి సారం పోయిన నేలనీ అలా అనేవారు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు కవి లుక్రీషియస్ భూమినే ఈ మాటతో వర్ణించాడు: ఒకప్పుడు సకల ప్రాణుల్నీ కన్న తల్లి, ఇప్పుడు చిన్న జీవుల్ని కనడానికే కష్టపడుతోందని. ఇందులో ఎగతాళి లేదు, అలసట ఉంది. మా నానమ్మ ముసలి గేదెని అమ్మనిచ్చేది కాదు. "దానికి ఈతలుడిగాయి. ఇన్నాళ్ళూ అది పెట్టింది, ఇప్పుడు మనం పెట్టాలి" అనేది.

17వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడూ ఇదే అర్థం. తర్వాత శక్తి ఉడిగిన దేనికైనా వాడారు. ఆ పైన సుఖాలు మరిగి చెడిన కులీనుల మీదకీ నాగరికతల మీదకీ పాకింది. 20వ శతాబ్దానికి 'ఆడంగి' అనే తిట్టయింది. 1969 అక్టోబరులో అమెరికా ఉపాధ్యక్షుడు స్పిరో ఆగ్న్యూ, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన మేధావుల్ని ఈ మాటతోనే దెబ్బకొట్టాడు. 'ఎఫెమినేట్'తో ధ్వని కలవడం కూడా దీనికి తోడ్పడి ఉంటుంది, అది 'ఫెమినా' నుంచి వచ్చిన వేరే మాటే అయినా. చాకిరీ చేసి అరిగిపోయిన ఆడ శరీరానికి పుట్టిన మాట, చాకిరీ ఎరగని మగవాడిని తిట్టడానికి మిగిలింది. మధ్యలో ఆ చాకిరీ ఎక్కడో జారిపోయింది.

మరి నేను చేసిన అనువాదం? 'నిర్వీర్యం'. వీర్యం లేనిది! అక్కడ అరిగింది గర్భం, ఇక్కడ లోపించింది మగతనం. ఇంగ్లీషు మూడు వందల ఏళ్ళు పట్టి చేసిన పనిని నేను ఒక్క సమాసంతో పూర్తిచేశాను. మన విమర్శలో ఈ మాట ఎంత అలవాటంటే, స్త్రీల రచనల్ని మెచ్చుకునేటప్పుడు కూడా 'వీర్యవంతమైన శైలి' అనేస్తాం.

ఇది నిఘంటువు తగాదా అయితే వదిలేసేదాన్ని. కానీ నా వాక్యం కప్పేసిన కవుల్లో ముద్దుపళని ఉంది. 18వ శతాబ్దంలో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఆమె రాసిన 'రాధికా సాంత్వనం'లో స్త్రీ నోట రాకూడని మాటలున్నాయని వీరేశలింగం మండిపడ్డారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పూర్తిపాఠంతో అచ్చువేయిస్తే, 1911లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. 1947లోగాని ఆ నిషేధం పోలేదు. నాయకరాజుల తర్వాతి కాలానికి మన సాహిత్య చరిత్రలు పెట్టిన పేరు 'క్షీణయుగం'. ఎవరు క్షీణించారని? రాజులు క్షీణించారు, నిజమే. ఆ కావ్యంలో రాధ, తాను పెంచిన ఇళని కృష్ణుడికిచ్చి పెళ్ళిచేసి, ఇద్దరికీ బుద్ధులు చెప్పి, తర్వాత తట్టుకోలేక రగిలిపోతుంది. పెంచడం అయిపోయింది కదా అని ఆమె కోరిక ఉడగలేదు. చివరికి కృష్ణుడే వచ్చి బతిమాలుకోవాలి. ఇంత ప్రాణమున్న కావ్యాన్ని, చదివి కూడా, ఆ విశేషణం కింద ఎలా తోసేశానో!

ఆ మాట కొట్టేశాను. దాని బదులు, ఆ కవిత్వాన్ని ఎవరు, ఏ ఏట, ఏమని తిట్టారో విడివిడిగా రాస్తున్నాను. ఒక్క వాక్యం మూడు పేజీలైంది, ఇంకా పూర్తికాలేదు.