పంటకు విరామం, కూలికి పస్తు

2011 సార్వాలో ఉప్పలగుప్తం, అల్లవరం మండలాలతో పాటు కోనసీమలో చాలాచోట్ల రైతులు ఊడ్పులు మానేశారు. ధాన్యానికి గిట్టుబాటు ధర లేదన్నారు, మురుగు కాల్వలు పూడిపోయి చేలు ములిగిపోతున్నాయన్నారు. అవి నిజమైన కష్టాలే, మేం కాదనడం లేదు. ఆ పోరాటానికి పెట్టిన 'పంట విరామం' అనే పేరుతోనే మా పేచీ. విరామం ఎవరికి? ఊడ్పుల కూలి మీద బతికే మాలమాదిగ పేటల ఆడవాళ్లకు అది పస్తు. చేను బీడు పెట్టే హక్కు భూమి ఉన్నవాడిది. ఆ బీడు ఫలితం భూమి లేనివాళ్లది. రైతుల కోర్కెల్లో ఉపాధి హామీని వ్యవసాయానికి ముడిపెట్టాలన్నది కూడా ఒకటి. అంటే ఆ కష్టాల లెక్కలో కూలిమనిషి కనిపించింది ఖర్చుగానే, బాధితురాలిగా కాదు.

ఈ లెక్క పాతదే. 1929లో మొదలైన ప్రపంచ మాంద్యంలో మద్రాసు రాష్ట్రంలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. శిస్తులూ అప్పులూ మాత్రం మెడమీదే ఉన్నాయి. ఎన్.జి. రంగా వంటి నాయకుల రైతు ఉద్యమం అప్పుడే బలపడింది. రాజాజీ మంత్రివర్గం 1938లో రుణ విమోచన చట్టం తెచ్చి పాత వడ్డీలను కొట్టేసింది. మంచిదే. అయితే ఆ చట్టం దృష్టిలో వ్యవసాయదారుడు ఎవరు? భూమిలో ఏదో ఒక హక్కు ఉన్నవాడు. తరతరాలుగా దమ్ముచేసి, ఊడ్చి, కోసి, నూర్చినా ఆ హక్కు లేని పాలేరు వ్యవసాయదారుడు కాడట! మన చరిత్ర పుస్తకాలు దీన్ని రైతు విజయంగా చెప్పి ఊరుకుంటాయి.

కూలి దొరక్క సముద్రం దాటినవాళ్ల గతేమిటి? రంగూన్ రేవులో తెలుగు కూలీలను 'కొరంగీలు' అనేవారు. మన గోదావరి మొగలోని కోరంగి రేవు పేరే అది. 1930 మే నెలలో వాళ్లు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నారు. తర్వాత తెలుగువాళ్లతో రాజీపడి బర్మావాళ్లను పొమ్మన్నారు. మే 26న కొట్లాట రేగింది. వందమందికి పైగా చచ్చిపోయారు. ఓడల కంపెనీల మీదికి పోవలసిన కోపం పక్కనున్న ఆకలి మనిషి మీదికి పోయింది. జర్మనీలో నిరుద్యోగుల కోపాన్ని హిట్లర్ యూదుల మీదికి మళ్లించిందీ ఆ మాంద్యం రోజుల్లోనే.

మాంద్యం అందరినీ సమానంగా కొడుతుందనేది అబద్ధం. అది ఉన్న నిచ్చెన మీదనుంచే దిగుతుంది. దెబ్బ అడుగు మెట్టుకి తగుల్తుంది, సాయం పై మెట్టు దగ్గరే ఆగుతుంది. 1936లో అంబేద్కర్ ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టి కూలీని, కౌలుదారుని రాజకీయాల్లోకి తెచ్చింది ఇందుకే కదా.

రైతు సంక్షోభం గురించి మాట్లాడే ప్రతి నివేదికనూ, ప్రతి పార్టీనీ మనం ఒకటే అడగాలి: పంట ఆగితే పోయే కూలి రోజులకు నష్టపరిహారం ఎవరిస్తారు? దానికి జవాబు లేని కాగితం భూమి ఉన్నవాడి దరఖాస్తే గాని, రైతాంగ కార్యక్రమం కాదు.