వైద్యుడు రాసుకున్న సంజాయిషీ

చికిత్సలో ఉన్న మనిషి ప్రాణం తీసుకుంటే ఆ వైద్యుడు తర్వాత ఎలా తట్టుకుంటాడు? ఈ ప్రశ్నతోనే లుడ్విగ్ బిన్స్‌వాంగర్ రాసిన ఎలెన్ వెస్ట్ కేసు చదివాను. 1944-45లో జర్మన్ భాషలో అచ్చయి, 1958లో ఇంగ్లీషులోకి వచ్చిన రచన ఇది. వైద్యశాస్త్రం కింద జమకట్టినా, సాహిత్యంగా కూడా చదవదగ్గది.

ఎలెన్ వెస్ట్ అన్నది అసలు పేరు కాదు. ఆమె కవితలూ డైరీ రాసుకున్న మనిషి. ఒళ్లు వస్తుందన్న భయం ఒకవైపు, తిండి మీద తీరని ఆరాటం మరోవైపు ఆమెను నలిపేశాయి. 1921లో స్విట్జర్లాండులోని క్రాయిట్స్‌లింగెన్‌లో, బిన్స్‌వాంగర్ నడిపే శానటోరియంలో చేరింది. ఆయన మరో ఇద్దరు మానసిక వైద్యులను పిలిపించి సలహా తీసుకున్నాడు. నమ్మకంగా నయం చేసే దారి లేదని తేల్చారు. ప్రమాదం తెలిసే ఇంటికి పంపారు. కొద్ది రోజులకే ఆమె చనిపోయింది. వయసు 33.

ఇరవై ఏళ్లు దాటాక ఆయన ఆ కథను అచ్చుకిచ్చాడు. ఆ మరణం ఆమె జీవితంలోంచే పుట్టిందనీ, ఆమె తానుగా నిలిచింది ఆ నిర్ణయంలోనేననీ అంటాడు. వాదన గంభీరమైనదే. కాని మన ఇళ్లల్లో అనే ‘రాసిపెట్టి ఉంది’ అన్న మాటకూ దీనికీ తేడా ఎంత?

మా శాఖలో ఒక గుమాస్తా ఇలాగే పోయినప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. ఆ శాఖలో తెలుగువాళ్లం మేమిద్దరమే. అంతకు వారం ముందు సెలవు చీటీతో వచ్చి, ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. లెక్క తేలక నేను తలెత్తలేదు. ‘రాసిపెట్టి ఉంది’ అనుకున్నాకనే నాకు నిద్ర పట్టింది.

ఆమెను మనిషిగా కాక వస్తువుగా చూశారని కార్ల్ రోజర్స్ ఈ కేసును ఆక్షేపించాడు. న్యాయమైన ఆక్షేపణే. అయినా బిన్స్‌వాంగర్‌కు ఒక గౌరవం దక్కాలి. ఆయన ఆమె రాతలను దాచిపెట్టలేదు. వాటిలో చావు కోరికతోపాటు బతుకు మీద మమకారమూ వినిపిస్తుంది. ఆయన తీర్పును మనం ప్రశ్నించగలుగుతున్నది ఆ రాతల వల్లనే.

‘నేను పొరబడ్డానేమో’ అన్న ఒక్క వాక్యం కోసం ఆ పుటలన్నీ వెతికాను. నాకు కనబడలేదు. నా మటుకు నేను దాన్ని ఇక్కడ రాసుకుంటున్నాను.