ముందు వేళ చెప్పండి

రాజమండ్రి నుంచి మా బాబాయి ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో ఒకటే మాట: "ఈసారి వస్తే మంచి బిర్యానీ ఎక్కడ పెట్టిస్తావురా?" నాదీ ఒకటే జవాబు: "మీరు ఎన్నింటికి వస్తారో చెప్పండి బాబాయ్." తప్పించుకుంటున్నానని ఆయన అనుమానం. ఈ ఊళ్లో హోటల్ పేరు కంటే గడియారం ముఖ్యమని యాభై ఏళ్లుగా తిని తెలుసుకున్నవాణ్ని నేను. హైదరాబాద్ వంటంతా నిప్పు సన్నగా పెట్టి గంటలకొద్దీ ఓపిక పట్టే వంట. అలాంటి వంటకి పక్వానికొచ్చే ఘడియ ఒకటుంటుంది. దానికి ముందు వెళితే ఉడకదు, తర్వాత వెళితే మిగలదు.

2019లో యునెస్కో హైదరాబాద్‌ని గాస్ట్రానమీ విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. సంతోషమే. తప్పక తినాల్సిన పది హోటళ్లు, పాతిక హోటళ్లు అని జాబితాలు రాసేవాళ్లకి దాంతో ఇంకాస్త హుషారొచ్చింది. ఆ జాబితాల్లో అడ్రస్ ఉంటుంది, ధర ఉంటుంది, వేళ మాత్రం ఉండదు. నా జాబితా వేళతోనే మొదలవుతుంది.

తెల్లవారుజామున నహారీ. అరబ్బీలో నహార్ అంటే పగలు. పొద్దున్నే తినేది కాబట్టి ఆ పేరొచ్చింది. మేక కాళ్లు, నాలుక ముక్కలు రాత్రే పెద్ద దేగ్‌లో వేసి, సన్నని మంట మీద పొద్దుటిదాకా ఉడకనిస్తారు. ఎముకలో జిగురంతా నీళ్లలోకి దిగి, వేళ్లకి అంటుకునేంత చిక్కటి షేర్వా తయారవుతుంది. దాని వాసన వెనక ఉన్న రహస్యం పొట్లీ మసాలా. వట్టివేళ్లు, చందనపు చెక్క, ఎండు గులాబీ రేకులు, రాతిపువ్వు, కబాబ్‌చీనీ లాంటివి పల్చటి గుడ్డలో మూటకట్టి షేర్వాలో వేలాడదీస్తారు. సారం దిగాక మూట తీసి పారేస్తారు. పొడి చేసి కలిపితే రంగు నల్లబడి, చేదు దిగుతుంది. మూట కడితే వాసనొక్కటే మిగులుతుంది. మన ఇళ్లలో ఇంగువ మూట కట్టి చారులో వేసే ముసలమ్మలకి ఈ కిటుకు చెప్పక్కర్లేదు.

నయాపుల్ దాటగానే నయాబ్ హోటల్ ఉంది. నా ఓటు దానికే. ఆరున్నరకల్లా వెళ్లాలి. ఆదివారమైతే ఇంకా ముందు. నహారీకి జోడీ చార్‌కోనీ నాన్. నాలుగు మూలల రొట్టె, అడుగున కరకర, పైన దూది. పాతబస్తీలో ఈ నాన్‌కి పేరున్న మున్షీ నాన్ వాళ్లు తమ వ్యాపారం 1851లో మొదలైందని చెప్పుకుంటారు. పిండి ముక్క వెనక తడి చేసి, మండే మట్టి తందూరు లోపలి గోడకి చేత్తో అంటించి, ఇనుప చువ్వలతో లాగుతారు. ఆ పని చేసేవాడి ముంజేతి మీద వెంట్రుక ఉండదు, గమనించండి.

ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ఖిచ్‌డీ, ఖీమా, ఖట్టా. మనకి తెలిసిన పెసరపప్పు పులగం కాదిది. ఎర్ర మసూర్ పప్పుతో, పసుపుతో, మెతుకు మెతుకు విడిగా ఉండే ఖిచ్‌డీ. పక్కన వేపుడు ఖీమా. ఖట్టా అంటే నువ్వులు, చింతపండు కలిపిన పల్చటి పులుసు. పొయ్యెక్కదు, పచ్చిదే. వేడి ఖిచ్‌డీ మీద చల్లటి పులుసు పోసుకుని, అప్పడం నలుపుకుని తినడమే. దాదాపు ప్రతి ఇరానీ హోటల్లోనూ దొరుకుతుంది. మీ గల్లీ చివర ఉన్నదానికే వెళ్లండి, దీనికోసం ఊరు దాటక్కర్లేదు.

చాయ్‌కి మాత్రం ఊరు దాటొచ్చు. చార్మినార్ పక్కన, మక్కా మసీదు గోడని ఆనుకున్న నిమ్రా కేఫ్ ముందు నిలబడి తాగే చాయ్‌కి నేను సాయంత్రం నాలుగు గంటల వేళ ఎంచుకుంటాను. అప్పుడు మీనార్ల నీడ రోడ్డు మీద పడుతుంది, బేకరీలోంచి ఉస్మానియా బిస్కెట్ల ట్రేలు వేడిగా బయటికొస్తాయి.

ఇరానీ చాయ్ అంటే పాలు, నీళ్లు, ఆకు కలిపి మరిగించేది కాదు. ఇంట్లో మనం చేసేది అది. ఇక్కడ రెండు గిన్నెలు, రెండు పనులు. ఒక రాగి పాత్రలో నీళ్లు, టీ పొడి వేసి మూతపెట్టి, ఆవిరి పోకుండా అంచు బిగించి, సన్నని సెగ మీద ఉంచుతారు. మూత లోపల తిరిగి తిరిగి డికాక్షన్ ముదురుతుంది, వాసన గాలికి పోదు. రెండో గిన్నెలో పాలు సగానికి సగం ఇగిరేదాకా మరుగుతూనే ఉంటాయి. ఈ రెండూ కలిసేది కప్పులోనే. అందుకే ఒకే హోటల్లో మీ కప్పు వేరు, నా కప్పు వేరు. పాలు ఎక్కువ కావాలంటే 'పౌనా' అనాలి. ఇద్దరికి ఒకటి చాలంటే 'ఏక్ మే దో'. పొదుపు మాట అనుకునేరు, సంభాషణ ఇంకా అయిపోలేదని చెప్పే మాట అది.

ఈ చాయ్ తెచ్చింది ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలు. చాలామంది బొంబాయి, పుణె మీదుగా ఇక్కడికి చేరినవాళ్లు. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. నాలుగు రోడ్ల కూడలి మూల కొట్లు అచ్చిరావని స్థానిక వర్తకులు వదిలేస్తే, ఆ నమ్మకం లేని ఇరానీలు వాటినే ఏరుకున్నారని చెబుతారు. నిజమో కాదో గానీ, పాత ఇరానీ హోటళ్లు మూలల్లోనే ఎందుకుంటాయన్న ప్రశ్నకి అంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు. పాలరాతి బల్ల, వంచిన చెక్క కుర్చీ, గోడకి అద్దం, గల్లా దగ్గర బిస్కెట్ల గాజు సీసాలు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మోస్తున్న ఆ బిస్కెట్ తీపి కాదు, ఉప్పు కాదు, రెండూను. చాయ్‌లో మూడు సెకన్లకి మించి ముంచితే అడుగున పడుతుంది. అక్కడా వేళే.

ఇక బాబాయి అడిగిన బిర్యానీ.

పెద్ద హోటళ్లలో పన్నెండు దాటాక మొదటి దేగ్ మూత తీస్తారు. పన్నెండున్నరకి ప్లేటు మీ ముందుండాలి. ఎందుకో తెలియాలంటే కచ్చీ బిర్యానీ ఎలా పుడుతుందో తెలియాలి. చాలా ఊళ్లలో మాంసం ముందుగా వండి అన్నంతో కలుపుతారు. అది పక్కీ. మన దగ్గర మాంసం పచ్చిదే. పెరుగు, అల్లం వెల్లుల్లి, వేయించిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పుదీనా, షాజీరా, గరం మసాలా, నిమ్మరసం పట్టించి నానబెడతారు. పచ్చి బొప్పాయి ముద్ద కొంచెం పడుతుంది. బొప్పాయి పాలలో ఉండే గుణం మాంసం నారని విడగొడుతుంది. చెంచా ఎక్కువైతే ముక్క ముక్కగా ఉండదు, గుజ్జవుతుంది. రాత్రంతా అలా వదిలేసినా అంతే.

బాస్మతీ బియ్యం వేరే గిన్నెలో మసాలా నీళ్లలో ఉడుకుతుంది. పూర్తిగా కాదు. వంటవాడు మెతుకు తీసి వేళ్ల మధ్య నొక్కి 'కనీ' చూస్తాడు. కనీ అంటే మెతుకు మధ్యలో ఉడకని పలుకు. మాంసం మీద పరిచే మొదటి వరస బియ్యం పలుకు ఎక్కువుండగానే దించాలి, కింది నుంచి వచ్చే తడితో అది ఉడుకుతుంది. పై వరసలు ఇంకొంచెం ఉడికాక దించాలి. అంటే ఒకే గిన్నెలో బియ్యాన్ని రెండు మూడు దశల్లో, నిమిషాల తేడాతో తోడాలన్నమాట. పైన కుంకుమపువ్వు పాలు, నెయ్యి. మూత అంచుకి గోధుమపిండి ముద్ద అతికించి, కింద మంట, మూత మీద నిప్పులు.

అసలు నేర్పు ఇక్కడుంది. పచ్చి మాంసమూ సగం ఉడికిన బియ్యమూ ఒకే నిమిషానికి పక్వానికి రావాలి. మధ్యలో మూత తీసి చూడ్డానికి లేదు. తీస్తే దమ్ పోయింది. దమ్ అంటే ఊపిరి కదా. ముందు పెద్ద మంట, పిండి అంచు పగిలి ఆవిరి తన్నుకొచ్చాక సన్నని సెగ. ఆ ఆవిరి వాసనని బట్టి, గిన్నె పక్కన చెవిపెట్టి వినిపించే చిటపటని బట్టి మాత్రమే లోపలి సంగతి ఊహించాలి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఇడ్లీ పాత్ర చప్పుడు మారగానే పక్కగదిలోంచి వచ్చి స్టవ్ ఆపే మా ఇంటావిడని చూశాక నాకు వింతనిపించలేదు.

వడ్డించడమూ ఒక విద్యే. గరిటెతో కలపరు. పల్చటి పళ్లెం లాంటిదాంతో పక్క నుంచి నిలువుగా దించి, అడుగు దాకా తోడుతారు. అప్పుడే ప్లేటులో తెల్ల మెతుకు, పసుపు మెతుకు, మసాలా మెతుకు, ముక్క విడివిడిగా కనిపిస్తాయి. అన్నీ ఒకే రంగులో ఉంటే అది బిర్యానీ కాదు, మసాలా అన్నం. మసాలా అన్నం తక్కువదని కాదు. తెలంగాణ పెళ్లిళ్లలో మటన్ కూరతో పెట్టే బగారా అన్నం ముందు నేను చాలా బిర్యానీలు వదిలేస్తాను. కానీ పేరు పేరే.

మొదటి దేగ్ తర్వాత ఏమవుతుంది? నిప్పుల మీద ఉన్నకొద్దీ పై అన్నం ఆరుతుంది, అడుగు అన్నం నెయ్యి తాగి ముద్దవుతుంది. ఒకసారి సాయంత్రం ఐదింటికి ఆకలికి ఆగలేక, చాలా పేరున్న ఒక చోట కూర్చున్నాను. మధ్యాహ్నం మిగిలినది మళ్లీ వేడిచేసి పెట్టారు. పైన చల్లిన వేయించిన ఉల్లిపాయలు మాత్రం తాజావి! తప్పు హోటల్‌దే గానీ, ఆ వేళకి వెళ్లిన నాదీ సగం ఉంది.

ఏ హోటల్ అంటారా? మధ్యాహ్నానికి నాది ఘాన్సీ బజార్ షాదాబ్, అదీ మటనే. సికింద్రాబాద్ ప్యారడైజ్ 1953లో సినిమా హాలు పక్కన చిన్న కేఫ్‌గా మొదలైంది. హాలు పోయింది, సెంటర్‌కి పేరు మిగిలింది. బయటి ఊళ్లవాళ్లకి బిర్యానీ పరిచయం చేసిన పుణ్యం దానిదే, అయినా నా మొదటి ఎంపిక కాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చీలో మసాలా ఘాటు, కోస్తావాళ్ల నాలుకకి బాగా పడుతుంది. బాబాయికి అదే నచ్చుతుందని నా అంచనా. ఆ పేరుతో ఊరంతా బోర్డులున్నాయి. మాకు బ్రాంచీలు లేవని క్రాస్‌రోడ్స్ వాళ్లు ప్రత్యేకంగా రాసిపెట్టుకోవాల్సి వచ్చింది.

వేళంటే రోజులో గంటే కాదు, ఏడాదిలో నెల కూడా. మొజంజాహీ మార్కెట్ 1935 నాటి రాతి కట్టడం. అక్కడి ఫేమస్ ఐస్‌క్రీమ్‌లో వేసవికి మామిడి, చలి మొదలయ్యే వేళకి సీతాఫలం. సీతాఫలం నెలల్లో వెళ్లి ఇంకో రుచి అడిగేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. మొహర్రం నెలలో బేకరీల్లో దమ్ కే రోట్.

రంజాన్‌కి హలీం. గోధుమ రవ్వ, మాంసం, పప్పులు, నెయ్యి ఇటుకల భట్టీలో కూర్చోబెట్టిన దేగ్‌లో కట్టెల మంట మీద పది పన్నెండు గంటలు ఉడుకుతాయి. పొడవాటి చెక్క ఘోట్నీలతో మనుషులు నిలబడి దంచుతూనే ఉంటారు. గోధుమ ఏదో మాంసం ఏదో తెలియకుండా తీగ సాగాలి. అప్పటిదాకా చెయ్యి ఆపకూడదు. మిక్సీతో మెత్తగా చేయొచ్చు, తీగ సాగించలేం. నార తెగిపోతుంది. దంచితే నార విడుతుంది గానీ తెగదు, తేడా అంతా అందులోనే. హైదరాబాదీ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది, దేశంలో ఒక మాంసాహార వంటకానికి అది రావడం అదే మొదలు. దీని పూర్వీకుడు అరబ్బుల హరీస్. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు ఉండే బార్కస్‌లో దాన్ని ఇప్పటికీ పొద్దున్నే అమ్ముతారు. మసాలా లేని గోధుమ, మాంసం, నెయ్యి. చక్కెర వేసుకుని తినేవాళ్లూ ఉన్నారు. ఎగతాళి చేయకుండా ఒకసారి రుచి చూడండి.

రాత్రి ఏడయ్యాక నాకు హోటల్ అక్కర్లేదు. మా వీధి చివర బండి మీద ఒకావిడ జొన్నరొట్టెలు చేస్తుంది. జొన్నపిండికి గోధుమలా సాగే గుణం లేదు, అందుకే మరిగే నీళ్లు పోసి కలిపి, వెంటనే చేత్తో తట్టాలి. పెనం మీద వేశాక పైన తడి చేత్తో నిమరాలి, లేకపోతే పగుళ్లిస్తుంది. ఆ తడి ఆరేలోపు తిరగేయాలి. రొట్టె పొంగిందా, చేతికి వచ్చినట్టే. ప్యాక్ చేయించుకుని ఇంటికి తెచ్చుకుంటే అట్టముక్క. అక్కడే నిలబడి తినాలి.

బాబాయి ఈసారి గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకున్నారు. పొద్దున్నే నాంపల్లిలో దిగుతారు. స్టేషన్ నుంచి తిన్నగా నయాపుల్‌కే తీసుకెళ్తాను. బిర్యానీకి పన్నెండున్నర దాకా ఆగాలని, మధ్యలో టిఫిన్ మాటెత్తకూడదని ముందే చెప్పేశాను.