సాదా పాఠ్య సంకేతాలు - మాన్యువల్ పేజీ రచన: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: యూనిక్స్ సంప్రదాయంలోని మాన్యువల్ పేజీ నియతమైన అంగాలు గల సాంకేతిక రచనా ప్రక్రియ. దానిని సరళమైన సాదా పాఠ్య సంకేతాలతో రాసినపుడు సమకూరే ప్రయోజనాన్నీ, కలిగే నష్టాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మాన్యువల్ పేజీ, రాఫ్, ఎమ్‌డాక్, ఎస్‌సీడాక్, శాస్త్రరచన.

1. ప్రక్రియ స్వరూపం

కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల యూనిక్స్ ప్రోగ్రామర్ల మాన్యువల్ తొలి కూర్పు 1971 నవంబరు 3 తేదీతో వెలువడింది. పేరు, ప్రయోగరూపం, వివరణ, ఫైళ్లు, ఇవి కూడా చూడదగినవి, లోపాలు అనే అంగాలు అందులోనే కనిపిస్తాయి. నిర్మాతే తన పనిముట్టు లోపాలను నమోదు చేయడం ఈ ప్రక్రియకు ప్రామాణికతను ఇచ్చింది.

ప్రయోగరూపం సూత్రం వలె సంక్షిప్తం. వివరణ దానికి వృత్తి వంటిది. చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలవుతుంది. మాన్యువల్ పేజీకీ సంజ్ఞలున్నాయి: చదరపు కుండలీకరణంలోనిది వైకల్పికం, మూడు చుక్కలు పునరావృత్తికి గుర్తు. అయితే వ్యాకరణ విద్యార్థికి గురువు ఉంటాడు. మాన్యువల్ పాఠకుడు పని మధ్యలో, తరచు ఒంటరిగా, పేజీని తెరుస్తాడు. అందువల్ల ఇక్కడ అస్పష్టతను సరిదిద్దే రెండో గొంతు ఉండదు.

2. సంకేతాల భారం

ఈ పేజీలకు మూలరూపం రాఫ్ భాష. 1979 నాటి ఏడవ కూర్పుతో 'మాన్' మాక్రోలు వచ్చాయి. ఇందులో చుక్కతో మొదలయ్యే పంక్తి పాఠ్యం కాదు, ఆజ్ఞ. రచయిత పొరపాటున ఒక వాక్యాన్ని చుక్కతో ప్రారంభిస్తే ఆ పంక్తే తెరపై కనిపించకుండా పోవచ్చు. ఆప్షన్ ముందుండే అడ్డగీతకు తగిన గుర్తు చేర్చకపోతే, కొన్ని వ్యవస్థలలో పేజీ నుంచి నకలు తీసిన ఆదేశం పనిచేయదు. ప్రోగ్రాం తెలిసినవారు రచనకు వెనుకాడటానికి ఇటువంటి సూక్ష్మాలు ఒక కారణం.

బర్క్‌లీ యూనిక్స్‌లో రూపొందిన ఎమ్‌డాక్ ఆకృతికి బదులు అర్థాన్ని గుర్తిస్తుంది. ఆప్షన్, ఆర్గ్యుమెంట్, ఫైలు మార్గం - వీటికి వేర్వేరు సంకేతాలున్నాయి. కనుకనే మాన్‌డాక్ వంటి పనిముట్టు ఫలానా ఆప్షన్ ఉన్న పేజీలను మాత్రమే వెదకగలదు.

3. సరళత సాధించినది

పర్ల్ భాషలోని పాడ్ సంకేతాలు ప్రోగ్రామునూ దాని వివరణనూ ఒకే ఫైలులో ఉండనిస్తాయి. గిట్ మాన్యువల్ పేజీలు ఆస్కీడాక్‌లో ఉన్నాయి. 2018లో డ్రూ డివాల్ట్ విడుదల చేసిన ఎస్‌సీడాక్ మరింత మితమైనది: శీర్షికకు హాష్ గుర్తు, బొద్దు అక్షరానికి నక్షత్రం, అధోరేఖకు అండర్‌స్కోర్. ఇది ఆ పాఠ్యాన్ని రాఫ్‌గా మారుస్తుంది. బొమ్మలకు ఇందులో చోటు లేదు. ఆ పరిమితి ప్రక్రియకు తగినదే. మార్చక ముందు కూడా మూలపాఠం చదవదగినదిగా ఉండటం దీని ప్రధాన గుణం. ప్రోగ్రామును మార్చినవారే పేజీని కూడా వెంటనే సవరించగలరు.

4. సరళత కోల్పోయినది

ఎస్‌సీడాక్‌లో ఆప్షన్‌కూ, రచయిత నొక్కిచెప్పే మాటకూ గుర్తు ఒకటే: బొద్దు అక్షరం. సందర్భాన్ని బట్టి పాఠకుడు భేదాన్ని గ్రహిస్తాడు. వెదికే యంత్రం గ్రహించలేదు. అంటే ఎమ్‌డాక్‌లో సంకేతం మోసిన భారం ఇక్కడ రచయిత వాక్యంపై పడుతుంది. ఒకే వస్తువును ఒకచోట 'ఫైలు' అని, మరొకచోట 'దస్త్రం' అని పిలిస్తే ఆ లోటును పూరించే ఆధారం ఇంకేదీ లేదు. పైగా సులభంగా రాయగలగడం వేరు, సుబోధంగా రాయడం వేరు. ప్రయోగరూపం లేకుండా ప్రశంసలతో మొదలై, లోపాల ప్రస్తావన లేకుండా ముగిసే పేజీని ఏ సంకేత పద్ధతీ నివారించలేదు.

5. ఉపసంహారం

సాదా పాఠ్య సంకేతాలు మాన్యువల్ రచనాధికారాన్ని మాక్రో నిపుణుల నుంచి ప్రోగ్రాం తెలిసిన ప్రతివారికీ విస్తరింపజేశాయి. అర్థభేదాన్ని యంత్రానికి తెలిపే శక్తిని అందుకు మూల్యంగా చెల్లించాయి. పేజీలు అసలు లేకపోవడం కంటే ఈ మూల్యం స్వల్పం. అయితే అంగాల క్రమం, పదాల ఏకరూపత, లోపాల నిజాయితీ అనే మూడు నియమాలను రచయిత పాటించినపుడే ఆ మాట నిలుస్తుంది.